జెండా ఊపేదాకా ఆగిన బండి

మా అపార్ట్‌మెంట్లో ఏ పని చేసినా ముందు రిబ్బను కావాలి, ఆ తర్వాత ముఖ్య అతిథి కావాలి. మంచినీళ్ల యంత్రం పెడితే రిబ్బను, పిల్లలకు ఉయ్యాల బిగిస్తే రిబ్బను. చివరికి లిఫ్టు బాగు చేయించినా మా అసోసియేషన్ అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారు దాని ముందు కొబ్బరికాయ కొట్టి, పై అంతస్తు దాకా వెళ్లి వచ్చి, మా చేత చప్పట్లు కొట్టించుకున్నారు. ఇవన్నీ చూసి నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. మదనపల్లె నుంచి కొడుకు వంశీతో కొండాపూర్ వచ్చి, పదకొండో అంతస్తులో కూర్చున్న నాబోటిదానికి అంతకంటే కాలక్షేపం ఏముంటుంది?

ఇప్పుడు రిబ్బను చూస్తే ఒళ్లు మండుతోంది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా ఎక్కువ మండుతోంది.

లింగమూర్తి అన్న ఈ నేల మనిషి. మా టవర్లు లేచిన చోట ఒకప్పుడు ఆయన కందిచేను ఉండేదట. దాన్ని బిల్డరుకు ఇచ్చి, బదులుగా వచ్చిన ఫ్లాట్లలో ఒకదానిలో భార్య సత్తెమ్మతో, కూతురు హర్షిణితో ఉండేవాడు. హర్షిణికి హైటెక్ సిటీలో మేనేజరు ఉద్యోగం. మా ఆయన మునిస్వామికీ లింగమూర్తి అన్నకూ పొద్దుటి నడకలో స్నేహం కుదిరింది. ఆ ఇద్దరూ ‘బావా’ అంటే ‘బావా’ అనుకోవడంతో సత్తెమ్మా నేనూ వదినా మరదళ్లమయ్యాం. నాకు పట్నంలో దొరికిన ఒకే ఒక్క చుట్టం ఆమె.

"బావా, నువ్వు తొక్కుతున్నది నా మిరపమడి. జర మెల్లగ నడువు," అనేవాడు లింగమూర్తి అన్న, టైల్స్ పరిచిన దారి మీద.

"మిరపకాయలు యాడున్నాయి బావా? అన్నీ కార్లే కదా," అనేవాడు మా ఆయన.

రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

మే నెలలో విశ్వేశ్వరరావు గారికి పెద్దవాళ్ల ఆరోగ్యం మీద మనసైంది. ఒక ల్యాబు వాళ్లను పిలిచి క్లబ్‌హౌస్‌లో శిబిరం పెట్టారు. అందరికీ షుగరు, కొవ్వు పరీక్షలు. అరవై దాటిన మగవాళ్లకు మాత్రం అదనంగా పీఎస్‌ఏ అని ఒకటి. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సర్ ఉందేమో అనే అనుమానాన్ని రక్తంలోనే చెప్పేస్తుందట. మా ఆయనకు సూది అంటే ప్రాణం పోతుంది. "ఊరికే వచ్చిందని ఉరి వేసుకుంటామా?" అని మంచం దిగలేదు. లింగమూర్తి అన్న వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

ఆదివారం తెల్లవారగానే అందరికీ పరగడుపున రక్తం తీశారు. గొట్టాల మీద పేర్లు అంటించి డబ్బాలో సర్ది, గుమ్మం ముందు ఆగిన బండిలో పెట్టారు. ఇంకేం, బండి వెళ్లిపోవాలి కదా? వెళ్లదు. ఎందుకంటే ఆ బండి బయలుదేరడమే ఆనాటి కార్యక్రమం. ముఖ్య అతిథి పచ్చజెండా ఊపాలి, బండి కదలాలి, పై నుంచి డ్రోను ఫొటో తీయాలి. ఆ ముఖ్య అతిథి ఎవరో రిటైరైన పెద్ద అధికారి. బాచుపల్లిలో ఏదో స్కూలు భవనానికి రిబ్బను కత్తిరించి, అటు నుంచి రావాలి.

ఇదిగో వస్తున్నారు, అదిగో వస్తున్నారు అంటూ పూట గడిచింది. బండికి బంతిపూల దండలు కట్టారు. అతిథి గారికి లోపల గొట్టాలు కనబడాలని వెనక తలుపులు బార్లా తెరిచి పెట్టారు. మాకేమో షామియానా, ఫ్యాన్లు, మజ్జిగ గ్లాసులు. రక్తానికేమో మే నెల ఎండ. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. తట్టవలసిన ల్యాబు వాళ్లు విశ్వేశ్వరరావు గారితో సెల్ఫీలు దిగుతున్నారు.

భోజనాల వేళకు ముఖ్య అతిథి వచ్చాడు. ఈ మట్టిలో పుట్టిన మనిషని లింగమూర్తి అన్నను ముందుకు పిలిచి శాలువా కప్పారు. అప్పుడు జెండా ఊగింది, బండి కదిలింది, మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

వారం తిరక్కుండా రిపోర్టులు వచ్చాయి. మా ఆయనదీ లింగమూర్తి అన్నదీ ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. పీఎస్‌ఏ మొత్తం కొంచెం ఎక్కువ. ఆ వయసుకు అది పెద్ద వింత కాదట. కానీ అందులో ‘ఫ్రీ’ అని ఒక భాగం ఉంటుంది. అది ఎంత తక్కువైతే అనుమానం అంత ఎక్కువ. ఇద్దరికీ అది బాగా తక్కువగా ఉంది, లింగమూర్తి అన్న కంటే మా ఆయనకు ఇంకా తక్కువ.

ఇంట్లో వంశీ గోల పెట్టాడు. మా ఆయన టీవీ శబ్దం పెంచాడు.

"నాకు ఏ క్యాన్సరూ లేదు. ఒకవేళ ఉన్నా, అది నన్నేమీ అనలేదు, నేను దాన్నేమీ అనను. వదిలేయండప్పా," అని మర్నాడే మదనపల్లె బస్సెక్కాడు. మామిడితోట చూసి రావాలట. ఆ తోట అమ్మేసి ఆరేళ్లయింది.

లింగమూర్తి అన్న అట్లా పారిపోయే మనిషి కాదు. హర్షిణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు రిపోర్టు చూసి, "రక్తపరీక్ష మళ్లీ చేసి చూడొచ్చు. కానీ ఈ లెక్క ప్రకారం ఆగడం మంచిది కాదు. మా నాన్నయితే నేను ఆగను," అన్నాడట. ఆ మాట విన్నాక ఏ కూతురు ఆగుతుంది? బయాప్సీకి రోజు కుదిరింది. కింది నుంచి సూది పంపి గ్రంథిలోంచి చిన్న చిన్న ముక్కలు తీసి చూస్తారు. వెళ్లేముందు నాకు లిఫ్టు దగ్గర కనబడ్డాడు.

"భయమైతున్నదా అన్నా?" అని వాళ్ల మాటలోనే అడిగాను.

"నాకేం భయం చెల్లే? బిడ్డ అంత సూసుకుంటది. మా బావకు చెప్పు, ఉర్కితె రోగం ఎన్క ఉర్కి రాదా అని," అని నవ్వాడు.

పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేశాడు. మర్నాడు బాగానే తిరిగాడు. ఆ సాయంత్రం చలి అన్నాడు. ఏసీ ఎక్కువైందేమో అని సత్తెమ్మ ఆపేసింది. దుప్పటి కప్పింది, దాని మీద ఇంకో దుప్పటి కప్పింది. హర్షిణి ఆఫీసు నుంచి వచ్చేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని లేపలేదు. తెల్లారేసరికి మాట తడబడింది. దవాఖానకు తీసుకెళితే, సూది వెంట పోయిన క్రిములు రక్తంలో కలిశాయన్నారు. ఇట్లా కావడం అరుదన్నారు. ఏ మందుకూ లొంగడం లేదన్నారు. అంతటి మనిషి, మూటలు మోసిన మనిషి, మూడు రోజుల్లో అయిపోయాడు.

మా ఆయన మదనపల్లె నుంచి వచ్చి పాడె మోశాడు. దించాక అక్కడే కూలబడితే వంశీ లేపాడు.

దినాలయ్యాక సత్తెమ్మ నోట ఒకటే మాట. పాలవాడికి అదే, లిఫ్టులో ఎదురైన వాళ్లకు అదే, నాకు రోజూ అదే.

"పెద్ద రోగం వదినె అది. ఉంటె ఎంత గోస పడుతుండెనో! మంచంల పడి, బొక్కలు నొస్తయని ఒర్లుకుంట, అందరి తోని చేయించుకుంట. అసొంటి బతుకు ఆయనకొద్దని దేవుడే తీస్కపోయిండు. మూడు దినాలల్ల పోయిండు, నొప్పి తెల్వకుంట పోయిండు."

ఆ మాట పట్టుకుని అన్నం తినేది, ఆ మాట పట్టుకుని పడుకునేది. నేను ప్రతిసారీ "అవును వదినా" అనేదాన్ని.

ఒకరోజు కింద కార్లు పెట్టేచోట హర్షిణి కనబడింది. కారులోనే కూర్చుని ఉంది, దిగడం లేదు. అద్దం మీద తడితే తలుపు తీసింది.

"ముక్కల రిపోర్టు వచ్చింది ఆంటీ. నాన్న పోయిన రెండో రోజే వచ్చింది. క్యాన్సర్ లేదు. ఒక్క ముక్కలో కూడా లేదు. వయసుకు గ్రంథి ఉబ్బింది, అంతే."

నేను చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను.

"అమ్మకు చెప్పలే. ఆ రోగం ఉండె, అందుకే పోయిండు అనుకుంట అమ్మ బతుకుతున్నది. అదొక్కటి గుంజుకుంటె ఇంకేముంటది ఆంటీ ఆమెకు? నేనే కదా తోల్కపోయింది," అని స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది.

"చెప్పొద్దు తల్లీ. ఎప్పటికీ చెప్పొద్దు," అన్నాను. ఆ పిల్ల వీపు నిమిరి పైకి వచ్చాను.

ఆ తర్వాత వంశీ తండ్రిని వదల్లేదు. రక్తపరీక్ష మళ్లీ చేయించాల్సిందేనన్నాడు. బావ పోయిన దగ్గర్నుంచి మా ఆయనకు ఎదురు చెప్పే ఓపిక కూడా పోయింది. మియాపూర్‌లో ఉన్న ఇంకో ల్యాబుకు వెళ్లాం. అక్కడే రక్తం తీశారు, అక్కడే పరీక్ష చేశారు. రిపోర్టు తీసుకోవడానికి నేనూ ఆయనా వెళితే ల్యాబు డాక్టరమ్మ స్రవంతి లోపలికి పిలిచింది. మొదటి రిపోర్టును, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టుకుని ఉంది.

"కంగారేం లేదండి, ఈసారి బాగుంది. ఫ్రీ భాగం ఉండాల్సినంత ఉంది. కానీ ఇంత తేడా ఎలా వచ్చిందా అని. మొదటిసారి రక్తం ఎక్కడ ఇచ్చారు?"

శిబిరం సంగతి చెప్పాను. బంతిపూలు, డ్రోను, బాచుపల్లి నుంచి ఎంతకీ రాని అతిథి, అన్నీ నా ధోరణిలో వెటకారంగానే చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు.

"తలుపులు తెరిచి, ఎండలోనా? మధ్యాహ్నం దాకానా?"

"అవునమ్మా. ఏం?"

"ఆదివారం కదా. ఆ తర్వాత కూడా ల్యాబులో సోమవారం దాకా ఉండిపోయి ఉంటుంది," అంది. "రక్తం గడ్డకట్టాక పైన తేటగా సీరం తేరుతుందండి. దాన్ని రెండు మూడు గంటల్లో వేరు చేసి చల్లగా పెట్టాలి. ఆ రోజే పరీక్ష చేయలేకపోతే ఫ్రీజరులో పెట్టి దాచాలి. అట్లా చేయకపోతే పీఎస్‌ఏ మొత్తం పెద్దగా మారదు కానీ, ఫ్రీ భాగం మాత్రం తరిగిపోతుంది. అప్పుడు కాగితం మీద లేని అనుమానం కనబడుతుంది. పాలు బయట పెడితే విరుగుతాయి కదా, అందుకు ఆవును తప్పు పట్టం కదండీ."

"అంటే... ఆ రోజు రక్తం ఇచ్చిన వాళ్లందరికీ?"

"ఎవరిది ఎంత తరిగిందో నేను చెప్పలేను. కానీ ఆ రిపోర్టును నమ్మి నేనైతే ఎవరినీ సూది దగ్గరికి పంపను. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే వెంటనే చెప్పండి, మళ్లీ చేయించుకోమని."

బయటికి వచ్చాక మెట్రో స్టేషను మెట్ల దగ్గర మా ఆయన ఆగిపోయాడు. జనం తోసుకుంటూ పోతున్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఏడవడం నేను రెండోసారి చూడటం.

"నేను పిరికోడిని కాబట్టి బతికుండాను మే. వాడు ధైర్యం చేసి పోయినాడు. నన్ను రెక్క పట్టుకుని తీసుకపోయిందే వాడు. నేను వాడి రెక్క పట్టుకుని మామిడితోటకు తీసుకపోయి ఉంటే?"

"లేని తోటకు ఎట్లా తీసుకపోతావయ్యా?" అన్నాను. అనేసి నేనూ ఏడ్చాను.

ఇంటికి వెళ్లకుండా నేరుగా విశ్వేశ్వరరావు గారి తలుపు కొట్టాను. నాలుగు మాటలు కడిగేయాలనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను కూడా. తలుపు తీసింది ఆయన భార్య. సోఫా పక్కన సర్దిన బ్యాగు ఉంది. ఆయన వెలిసిపోయిన ముఖంతో కూర్చుని ఉన్నారు.

"రేపు ఆసుపత్రిలో చేరాలండి. బయాప్సీ. ఎవరికీ చెప్పలేదు. నాకూ అలాగే వచ్చిందండి రిపోర్టు," అన్నారు.

పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ పోయాయి. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. లింగమూర్తి అన్న ముక్కల రిపోర్టు సంగతీ చెప్పాను. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

"మంచి పనే కదా అనుకున్నానండి. నలుగురికీ తెలిస్తే ఇంకో నాలుగు అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా చేస్తారని... జెండా లేకపోతే ఏం పోయిందండీ? ఏం పోయింది?"

తిట్టడానికి వెళ్లినదాన్ని మంచినీళ్లు ఇచ్చి వచ్చాను. ఇట్లాంటి మనిషిని ఏమని తిట్టాలి? దొంగ అయితే తిట్టొచ్చు. ఆయన తన రక్తాన్ని కూడా ఆ ఎండలోనే పెట్టుకున్నాడు.

నేను లేస్తుంటే ఆయన ఫోను తీశారు. "ఇంకా ఎంతమంది ఉన్నారో. మన వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తానండి, అందరూ ఆగిపోతారు."

పెట్టాల్సిందే. ఇంకో ఇంట్లో ఇంకో మగవాడు బ్యాగు సర్దుకుంటున్నాడేమో. కానీ గ్రూపులో పడిన మాట సాయంత్రానికి లిఫ్టు ఎక్కుతుంది. లిఫ్టు ఎక్కిన మాట సత్తెమ్మ చెవిన పడకుండా ఉండదు. నేను హర్షిణికి చెప్పిన మాట ఒకవైపు, ముక్కూ మొహం తెలియని ఆ మగవాళ్ల ప్రాణాలు ఒకవైపు.

"ఒక గంట ఆగండి. సత్తెమ్మ ఎవరి నోటనో వినకూడదు. నేను చెప్పాలి," అన్నాను.

హర్షిణికి ఫోను చేసి అంతా చెప్పాను. "నేనొస్తున్న ఆంటీ. మీరు చెప్తుండండి," అంది.

సత్తెమ్మ హాల్లో నేల మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూడగానే అడిగింది.

"మునిస్వామి అన్న రిపోర్టు ఏమొచ్చింది వదినె?"

"మంచిగా వచ్చింది వదినా. ఏమీ లేదన్నారు."

"ఎల్లమ్మ తల్లి సల్లగ సూసింది!" అని చింతపండు చేతులతోనే దండం పెట్టింది. ఆ ముఖంలో అసూయ అనేది మచ్చుకు కూడా లేదు. నా మొగుడు బతికినందుకు నిజంగా సంతోషపడింది. అప్పుడు నాకు లేచి పారిపోదామనిపించింది.

కూర్చున్నాను. ఆమె పక్కనే కింద కూర్చుని, ఎండలో ఆగిన బండి గురించి చెప్పాను. డాక్టరమ్మ చెప్పినట్టే, పాల సంగతితో సహా చెప్పాను. సత్తెమ్మ గింజలు తీస్తూనే విన్నది. కొంతసేపటికి చేయి ఆగింది.

"అంటె... అన్నకు లేకుండె. మరి ఆయనకు?"

"లేదు వదినా. తీసిన ముక్కలు కూడా చూశారు. ఒక్కదాంట్లో కూడా లేదు."

"క్యాన్సర్ లేదా?"

"లేదు."

ఏడుస్తుందనుకున్నాను. మీద పడి కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె చేతులకు అంటిన చింతపండును కొంగుకు తుడుచుకుంది.

"నీకు తెల్వదు వదినె. నీకే కాదు, బిడ్డకు సుత తెల్వదు. రిపోర్టు వచ్చిన సంది స్నానానికని పోయి, నల్లా ఇడిసిపెట్టి ఏడ్చెటోడు. బయటికి ఇనబడొద్దని. పది బకెట్ల నీళ్లు పోతుండె. ఒకనాడు నేను తలుపు కొట్టి, మొగోనివి, గట్టిగుండు, రోగం ఎవలికి రాదు అని కోపం జేసిన. గప్పటి సంది నా ముంగట ఏడువలె. నవ్వుకుంటనే దవాఖానకు పోయిండు. ఐసీయూల సుత, మాట పోయేముందు, నా చెయ్యి వట్టుకొని ‘క్యాన్సరే గదా తీస్కపోతున్నది’ అన్నడు. నేను అవునన్న. అవునయ్యా, క్యాన్సరే అన్న."

తలుపు దగ్గర హర్షిణి చెప్పులు విడుస్తూ అట్లాగే నిలబడిపోయింది. సత్తెమ్మ కూతురి వైపు చూడలేదు. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఆయన అదే అనుకుంట పోయిండు వదినె. ఏం లేకుండె అని ఇప్పుడు ఆయనకెవలు చెప్తరు?"